విశ్రాంతి అపరాధము కాదు

యంత్రముతో సమానముగా మనుష్యుడు పనిచేయవలెనను దురాశను లోకమునకు మొదట నేర్పిన దేశము ఇంగ్లండు. ఆ పోటీలో మనుష్యుడు నిలువజాలడని గ్రహించి, అతని విశ్రాంతిని శాసనముచేత రక్షించుటకు తొలుత పూనుకొన్న దేశములలో ఒకటియు అదియే. అట్టి దేశమునకు వచ్చి స్థిరపడిన మన తెలుగువారిలో పెక్కుమంది ఇచ్చటి జీతమును, ఇచ్చటి నియమములను, తుదకు ఇచ్చటి చలిని సైతము అలవరచుకొనియు, ఇచ్చటి శ్రామికులు నూరేండ్లకు పైగా పోరాడి సంపాదించిన విశ్రాంతిని మాత్రము ఇంతవరకు తమదిగా చేసికొనలేదు. సెలవు అడుగుట చిన్నతనమనియు, అలసితినని ఒప్పుకొనుట అసమర్థతయనియు, వేళకు నిద్రించుట సోమరితనమనియు భావించు ఈ మనఃప్రవృత్తియే మన దేహములను, మన కాపురములను క్రమక్రమముగా కృశింపజేయుచున్నదని నా అభిప్రాయము. తన్ను తాను కాపాడుకొనుటకు అంగళ్లలో అమ్మెడి పరిమళ ద్రవ్యములు అక్కరలేదు. హక్కుగా లభించిన తీరికను సంకోచింపక పుచ్చుకొనుటయే అందుకు మొదటి మెట్టు.

ఆ తీరిక ఎవరి దయాభిక్షయు కాదు. నూలుమిల్లులలో పసివారు సైతము దినమునకు పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై పనిచేయుచున్న కాలమున, న్యూ లానార్క్ మిల్లులను నడపుచుండిన రాబర్ట్ ఓవెన్, ఎనిమిది గంటలు పనికి, ఎనిమిది గంటలు వినోదమునకు, ఎనిమిది గంటలు నిద్రకు కేటాయింపవలెనని 1817లో ప్రతిపాదించెను. ముప్పది యేండ్ల పిమ్మట, 1847లో, బట్టల మిల్లులలోని స్త్రీలకును, పదునెనిమిదేండ్లలోపు వారికిని పదిగంటల పరిమితి శాసనమయ్యెను. శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు వారి పని ముగియవలెనని 1850 నాటి శాసనము నిర్ణయించెను. సర్ జాన్ లబ్బాక్ కృషి ఫలితముగా 1871లో బ్యాంకు సెలవులు వెలసెను. జీతముతో కూడిన సెలవులకు 1938 నాటి శాసనము దారి తెరచెను. నేడు అమలులోనున్న 1998 నాటి పనివేళల నిబంధనలు ఆ పరంపరలోనివే.

వాని సారము ప్రతి ఉద్యోగియు కంఠస్థము చేయదగినంత చిన్నది. వారమునకు సగటున 48 గంటలకు మించి పని ఉండరాదు. ఒకనాటి పనికిని మరునాటి పనికిని నడుమ ఎడతెగని 11 గంటల విరామముండవలెను. ఆరు గంటలకు మించిన పనిలో కనీసము 20 నిమిషముల తెరపి ఇయ్యవలెను. వారమునకు ఐదుదినములు పనిచేయు వానికి ఏడాదిలో 28 దినముల సవేతన సెలవు లభింపవలెను. వైద్యశాలల వంటి చోట్ల వీనికి కొన్ని సడలింపులు ఉన్నను మూలసూత్రము మారదు. 48 గంటల పరిమితిని వదలుకొందునని ఉద్యోగి సంతకము చేయవచ్చును గాని, దానికై అతనిని నిర్బంధించుటకు ఎవరికిని అధికారము లేదు. చేసిన సంతకమును సైతము ముందుగా నోటీసు ఇచ్చి ఉపసంహరించుకొనవచ్చును. ఉద్యోగమున చేరిననాడు ఇచ్చిన కాగితముల కట్టపై వరుసగా సంతకములు చేసిన మనవారిలో, వానిలో ఈ కాగితమును చదివి చూచినవారు ఎందరుందురు?

ఈ గడ్డపై తెలుగువారి శ్రమకు దీర్ఘ చరిత్ర కలదు. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ, అనగా ఎన్‌హెచ్‌ఎస్, ఆరంభమైన తరువాతి దశాబ్దములలో విశాఖపట్టణము, గుంటూరు, హైదరాబాదు వైద్యకళాశాలల పట్టభద్రులు ఇచ్చటికి వచ్చి, స్థానిక వైద్యులు అంతగా కోరని వృద్ధుల వైద్యము, మానసిక వైద్యము వంటి శాఖలలోను, గనుల పట్టణములలోను కుదురుకొనిరి. వారి వెనుక సాఫ్ట్‌వేరు ఉద్యోగులు రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ ప్రాంతములలో ఇండ్లు ఏర్పరచుకొనిరి. ఈస్ట్ హామ్, హౌన్స్‌లో వీధులలో గదికి ఇద్దరు ముగ్గురు చొప్పున విద్యార్థులు చేరిరి. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా ద్వారము తెరచినప్పుడు మరికొందరు వృద్ధాశ్రమముల పనికి వచ్చిరి.

వీరి అలసటలు ఒక్క తీరువి కావు. వైద్యునికి ఆన్‌కాల్ రాత్రులు. సాఫ్ట్‌వేరు ఉద్యోగికి ఉదయము హైదరాబాదు కార్యాలయముతోను, సాయంకాలము అమెరికా కార్యాలయముతోను సమావేశములు. చదువు సాగుచున్న దినములలో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదను షరతునకు లోబడిన విద్యార్థికి ఆ స్వల్ప సంపాదనతో ఇంటి అద్దెను, ఊరిలోని అప్పుపై వడ్డీని తీర్చవలసిన బాధ. కేర్ వర్కరు స్థితి అన్నిటికంటె కష్టతరము. స్పాన్సరు చేసిన యజమానిని విడిచినచో వీసా కుదింపబడి, సాధారణముగా 60 దినములలో మరియొక స్పాన్సరును వెదకికొనవలయును, లేదా దేశము విడువవలయును గనుక, రోటాలో ఎన్ని షిఫ్టులు వేసినను కాదనుటకు ఆమెకు నోరాడదు. ఇన్ని వైవిధ్యముల నడుమను అందరికిని సామాన్యమైనది ఒకటి కలదు: తల్లిదండ్రులకు వీడియోలో కనబడునప్పుడు ముఖమును చక్కబరచుకొని, “ఇక్కడ అంతా బాగానే ఉన్నది” అనుట. ఆవలనుండి తల్లిదండ్రులును తమ రక్తపోటును, మోకాళ్ల నొప్పులను దాచి అదే మాట అందురు. ఇరుపక్షముల ప్రేమయు ఇరుపక్షములకును భారమగు సందర్భమిది.

ఈ భారము చిరకాలము కొనసాగినప్పుడు ఏమగునో వైద్యలోకము అర్ధశతాబ్దమునకు పూర్వమే గుర్తించెను. న్యూయార్కులో ఉచిత వైద్యశాలయందు సేవచేయువారు ఉత్సాహవంతులై వచ్చి కొన్ని మాసములలోనే నిస్సారులగుటను గమనించిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనోవైజ్ఞానికుడు 1974లో బర్న్‌అవుట్ అను పేరుతో దానిని వర్ణించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దానికి మూడు లక్షణములను చెప్పినది: శక్తి యావత్తును ఇంకిపోయిన భావము, పనియెడల ఉదాసీనత లేక విముఖత, తాను చేయునది ఏదియు సఫలము కాదను నిస్పృహ. ఇది వ్యాధి కాదనియు, ఉద్యోగ స్థలమున దీర్ఘకాలము నిలిచిన ఒత్తిడిని సరిగా నిర్వహింపనందున కలుగు స్థితియనియు ఆ సంస్థయే స్పష్టపరచినది. ఆ ఒత్తిడి ఎంత విస్తృతమో చెప్పుటకు ఒక లెక్క చాలును: 2023-24లో గ్రేట్ బ్రిటన్‌లో పనివలని ఒత్తిడి, దిగులు, ఆందోళనలకు లోనైనవారు 7,76,000 మందియనియు, అందుచేత నష్టమైన పనిదినములు 1 కోటి 64 లక్షలనియు ఇచ్చటి ఆరోగ్య భద్రతా కార్యనిర్వాహక సంస్థ అంచనా కట్టెను.

“మా తాతలు ఇంతకంటె ఎక్కువ కష్టపడలేదా? వారికి లేని ఒత్తిడి మీకెక్కడిది?” అని పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. గోదావరి డెల్టాలోగాని, పాలమూరు మెట్టలలోగాని సేద్యము చేసినవారి శ్రమను తక్కువ చేయుటకు నోరెట్లు వచ్చును? అయినను ఆ శ్రమకు ఋతువు ఉండెను. నాట్లకును కోతలకును నడుమ తెరపి ఉండెను. మిట్టమధ్యాహ్నము ఎడ్లను విప్పి చెట్టునీడకు తోలని రైతు లేడు. పనిలో పదుగురు తోడుండిరి, పాట ఉండెను. ఆ కాలమంతయు స్వర్ణయుగమని నేననను; కూలివాని ఆకలి, జీతగాని దాస్యము మనము మరువరానివి. నేటి ఉద్యోగికి లేనిది కాడి దించు వేళ. కార్యాలయము అతని జేబులోని ఫోనులో చేరి, పడకగదిలోనికి సైతము వెంట వచ్చుచున్నది.

ఇచ్చట మరియొక ఆక్షేపణకు సమాధానము చెప్పుట అవసరము. ఒత్తిడికి కారణము పని ఏర్పాటులో ఉండగా, నిద్రపొమ్మనియు నడువుమనియు ఉద్యోగికి నీతులు చెప్పుట దోషిని విడిచి బాధితుని దండించుట కాదా? ఈ వాదమునకు బలమైన సాక్ష్యము లండనులోనే కలదు. వైట్‌హాల్ ప్రభుత్వోద్యోగులపై 1967లో ఆరంభమైన పరిశోధనలో, అడుగు శ్రేణి బంట్రోతుల మరణశాతము అగ్రశ్రేణి అధికారుల మరణశాతమునకు మూడింతలు ఉన్నట్లు తేలెను. 1985లో 10,308 మంది స్త్రీపురుషులతో మొదలైన రెండవ పరిశోధన, మైకేల్ మార్మట్ నాయకత్వమున, తన పనిపై తనకు అధికారము తక్కువగా ఉన్న ఉద్యోగికి హృద్రోగ భయము హెచ్చని చూపెను. అనగా, మనుష్యుని కుంగదీయునది పని పరిమాణము మాత్రమే కాదు. ఆ పనిని ఎప్పుడు, ఎట్లు చేయవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యము లేకపోవుటయు. అందుచేత ఖాళీలను నింపక, రోటాను సరిదిద్దక, మధ్యాహ్నవేళ అరగంట యోగా తరగతి ఏర్పరచి తన బాధ్యత తీరినదనుకొను యజమానిని నేను సమర్థింపను. పనిభారము, పనిపై అధికారము, సహాయము, పరస్పర సంబంధములు, బాధ్యతల స్పష్టత, మార్పుల నిర్వహణ యను ఆరింటిని యజమాని పరిశీలింపవలెనని ఈ దేశపు ప్రమాణములే చెప్పుచున్నవి.

అయినను యజమాని మారువరకు దేహము ఆగదు. అధికారము లేని జీవితమున స్వల్పమైన అధికారమును తిరిగి చేజిక్కించుకొనుటకే స్వీయసంరక్షణము అవసరము. ఆ దృష్టితో చూచినచో అది విలాసముగా తోపదు. అందుకు మన పూర్వులు చెప్పినవియు, ఇచ్చటి వైద్యులు చెప్పునవియు ఆశ్చర్యకరముగా కలియుచున్నవి. వాగ్భటుడు ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగహృదయమున, బలవంతముగా ఆపకూడని దేహవేగములు పదుమూడని లెక్కించి, ఆకలి, దప్పిక, మూత్రము, నిద్ర, శ్రమచేత వచ్చు ఎగశ్వాసలతో పాటు కన్నీటిని సైతము ఆ జాబితాలో చేర్చెను. పండ్రెండు గంటల షిఫ్టులో ఉన్న నర్సును తలచుకొనుడు: మరుగుదొడ్డికి పోవు తీరిక దొరకదని నీరు త్రాగదు, ఆకలిని రెండు బిస్కత్తులతో అణచును, వార్డులో రోగి మరణించినను కంటనీరు పెట్టక తరువాతి మంచమునకు సాగును, ఇల్లు చేరి ఫోను చూచుచు నిద్రను ఆపుకొనును. ఆ జాబితాలో ఒక్క దినమున ఆమె ఉల్లంఘించినవి ఎన్నియో! ఆమెకు మొదట కావలసినది 20 నిమిషముల తెరపిని నిజముగా పుచ్చుకొని, ఇంటినుండి తెచ్చిన పెరుగన్నమును కూర్చుండి తినుట, దాహమైనప్పుడు నీరు త్రాగుట, దుఃఖము వచ్చినప్పుడు తోడివారివద్ద ఏడ్చుటకు వెనుదీయకుండుట.

నిద్రవిషయమున రాజీ పనికిరాదు. పనికిని పనికిని నడుమ శాసనమిచ్చు 11 గంటలలో ప్రయాణము, వంట, పిల్లల చదువు పోగా మిగిలినదానిని ఫోనునకు ధారపోయుట మన యుగధర్మమైనది. రాత్రి షిఫ్టు చేయువారు పగలు దళసరి తెరలు వేసికొని, ఇంటివారికి ఆ గంటలు ముందే తెలిపి నిద్రింపవలెను. పగటి ఉద్యోగులు పడకగది వెలుపల ఫోను ఉంచు అలవాటు చేసికొనవలెను. ఆదివారమునాడు నూనె రాచుకొని తలంటు పోసికొను మన పాత ఆచారమునకు ఇచ్చటి చలిలో మరింత విలువ కలదు. అభ్యంగనము శ్రమను హరించునని వాగ్భటుడే చెప్పియున్నాడు. దానికి కావలసినది ఒక సీసా నువ్వులనూనెయు, ఎవరును పిలువని ఒక గంట కాలమును.

వెలుగును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఎండను తప్పించుకొని తిరుగుటకు అలవాటుపడిన జాతికి, ఎండను వెదకికొని పోవలసిన దేశమిది. డిసెంబరు మూడవ వారమున లండనులో పగలు ఎనిమిది గంటలైనను నిండదు. సాయంకాలము నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమించును. చీకటిలో బయలుదేరి చీకటిలో ఇల్లు చేరు ఉద్యోగికి మనస్సు కుంగినచో అది అతని బలహీనత కాదు. శరత్తునందును శీతకాలమునందును అందరును దినమునకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసికొనుటను ఆలోచింపవలెననియు, దక్షిణాసియా మూలములు గలవారు ఏడాది పొడవునను తీసికొనుటను ఆలోచింపవలెననియు ఎన్‌హెచ్‌ఎస్ సలహా. మధ్యాహ్న భోజన విరామమున పదిహేను నిమిషములు వెలుపల నడచుట దానికి తోడు. వారమునకు 150 నిమిషముల మితమైన వ్యాయామము చాలునని ఇచ్చటి ప్రధాన వైద్యాధికారులు 2019లో చెప్పిరి; చలికాలమున బలవంతుడు సైతము తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని వాగ్భటుని గ్రంథము చెప్పుచున్నది. జనవరిలో జిమ్మునకు ఏడాది రుసుము చెల్లించి ఫిబ్రవరిలో మానుకొను ఉత్సాహముకంటె ఈ మితమే మేలు.

నడచుటకు దారులు కొదువ లేవు. ఇంగ్లండు, వేల్సులలో ప్రజలు హక్కుగా నడువదగిన బాటలు సుమారు 1,40,000 మైళ్లు కలవు. కొండమీది బీళ్లలో నడచు హక్కు కొఱకును ఇచ్చటి శ్రామికులు పోరాడవలసి వచ్చెను: 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు, షెఫీల్డు పట్టణముల కార్మిక యువకులు వందలమంది, భూస్వాములు మూసివేసిన కిండర్ స్కౌట్ కొండపైకి నిషేధమును ధిక్కరించి నడచిరి, కొందరు జైలుకు పోయిరి. 2000లో వచ్చిన శాసనము ఆ కోరికను చాలవరకు నెరవేర్చెను. వారాంతమున షాపింగు మాలులో నాలుగు గంటలు గడపు కుటుంబము, తన ఊరి చివరనే మొదలగు అట్టి బాటను ఒక్కసారి వెదకి చూచుట మంచిది.

సహవాసము ఔషధమేగాని, మనవారు దానిని సైతము శ్రమగా మార్చుకొనుచున్నారు. టివిడేల్ బాలాజీ ఆలయమునకు పోయి కొంతసేపు కూర్చుండి వచ్చుటలో మనస్సునకు ఊరట కలదు; కాని శనివారము ఒక ఇంట పుట్టినరోజు, ఆదివారము మరియొక ఇంట వ్రతము, నడుమ పిల్లల నృత్య తరగతులు, అతిథులకు పదునాలుగు వంటకములు, వాని ఫొటోలు గ్రూపులో పెట్టుట — ఈ విధముగా వారాంతమంతయు ప్రదర్శనమైనప్పుడు సోమవారము కార్యాలయమే విశ్రాంతి స్థలముగా తోచును. ఈ భారములో అధిక భాగము స్త్రీలదే. ఆఫీసులో భర్తతో సమానముగా పనిచేసి వచ్చి, ఇంట వంటపని ఒంటరిగా చేయు ఇల్లాలికి ధ్యానము నేర్పుటకంటె, ఆ భర్త అంట్లు తోమి, బియ్యము కడుగుట శ్రేష్ఠమైన చికిత్స. ఆహ్వానములలో సగమునకు మర్యాదగా రాలేమని చెప్పుట నేర్చుకొన్న కుటుంబమును గర్విష్ఠులని నిందింపని సమాజమును మనము నిర్మించుకొనవలెను.

ఈ ఉపాయములకు లొంగని అలసటయు కలదు. వారముల తరబడి నిద్రపట్టకపోవుట, ఇష్టమైన పనులపై విరక్తి, కారణములేని కన్నీరు, బ్రతుకుపై విసుగు కలిగినప్పుడు జీపీ (కుటుంబ వైద్యుడు) వద్దకు పోవుటకు జంకరాదు. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ సేవకు జీపీ సిఫారసు లేకయే తామే దరఖాస్తు చేసికొనవచ్చును. అవసరమైనచో దుబాసీ సహాయమును కోరవచ్చును. వైద్యులకు, దంతవైద్యులకు ప్రాక్టీషనర్ హెల్త్ అను గోప్యసేవ వేరుగా కలదు. నడిరేయి ఎవరితోనైన మాటాడవలెనని తోచినప్పుడు, 1953లో చాడ్ వారా అను మతాచార్యుడు స్థాపించిన సమారిటన్స్ 116 123 సంఖ్యకు ఉచితముగా పలుకుదురు. ఏడు దినములవరకు అస్వస్థతకు వైద్యుని పత్రమే అక్కరలేదు, తన మాట చాలును. మనలో పెక్కుమంది వీసాతోపాటు ఏటా 1,035 పౌండ్ల ఆరోగ్య రుసుము చెల్లించి, దంతము నొచ్చినను మనస్సు నొచ్చినను హైదరాబాదు పోవువరకు ఓర్చుకొనుచున్నారు. నలుగురు ఏమనుకొందురో అను భయమునకు ఇంతటి మూల్యమా?

స్వదేశముననున్న తల్లిదండ్రులకును ఒక విన్నపము. పర్మనెంటు ఎప్పుడగును, ఇల్లు ఎప్పుడు కొందువు అను ప్రశ్నలకు ముందు, సరిగా నిద్రపోవుచున్నావా, సెలవు పెట్టి ఎన్నాళ్లయినది అని అడిగినచో, దూరదేశముననున్న బిడ్డకు అలసట చెప్పుకొను చనువు కలుగును. ఇచ్చటి తెలుగు సంఘములును ఉగాది సభలో పాటల కచేరికి ముందు అరగంట కేటాయించి, పనివేళల నిబంధనలను, టాకింగ్ థెరపీస్‌కు పోవు మార్గమును తెలుగులో వివరింపజేసినచో, ఆ సభకు వచ్చిన కేర్ వర్కరుకు, విద్యార్థికి కలుగు మేలు అమూల్యము.

అనేక కార్యాలయములలో సెలవుల సంవత్సరము మార్చి 31తో ముగియును. వాడుకొనని సెలవు చాలవరకు రద్దగును. ఆ దినములు యజమాని ఇచ్చిన బహుమానములు కావు, మన శ్రమలో చేరియున్న జీతభాగములు. వానిని వదలుకొనుట త్యాగమనిపించుకొనదు. ఎవరికిని దానివలన లాభము లేదు, మనము అలసినచో మన రోగులకును, మన పిల్లలకును నష్టమే. కనుక ఈ వ్యాసమును ముగించిన పాఠకులు ఒక్క పని చేయవలెనని కోరుచున్నాను: మిగిలియున్న సెలవు దినములెన్నియో లెక్కించి, వానిలో కొన్నిటినైన ఏ పెండ్లికిని, ఏ వీసా పనికిని గాక కేవలము విశ్రాంతికై ఉంచి, దరఖాస్తు నేడే పంపుడు. కారణమడిగినచో, అలసితినని చెప్పుడు. ఆ మాటకు సిగ్గుపడవలసిన పనిలేదు.